దించినాక ఎక్కించకూడదట

మా అన్న మనవరాలు మంచాన పడ్డ ముసలివాళ్లను చూసుకునే పని నేర్చుకుంటోంది. పోయిన నెల సెలవులకు వచ్చినప్పుడు, నేర్చుకున్నది చూపిస్తానని నన్నే నులకమంచం మీద పడుకోబెట్టింది.

"కదలొద్దు జేజీ. మొదటి రోజు మాకు చెప్పిన పాఠం ఇదే. మనిషిని ఎత్తేటప్పుడు నడుం వంచకూడదు, మోకాళ్లు వంచల్ల. పడక మన నడుమంత ఎత్తుండల్ల. నేలమీంచి ఒక్కరే ఎప్పుడూ ఎత్తకూడదు. తడి నేలైతే అస్సలు ఎత్తకూడదు. ఎత్తేవాళ్ల నడుం పోతే పడుకున్నోళ్లకు దిక్కెవరని మా టీచరమ్మ అడిగింది" అంది.

నేను మురిసిపోతాననుకుంది పాపం. నాకు ఒళ్లు మండింది. పిల్ల మీద కాదు. మొదటి రోజు చెప్పే పాఠమట. పుస్తకంలో అచ్చేసి ఉందట. అంత చిన్న సంగతి, చదువుకున్న ఒక డాక్టరుకు, పది ఊళ్లకు తీర్పు చెప్పే ఒక పెద్దమనిషికి, శాస్త్రం చదివిన ఒక పురోహితుడికి తట్టకపోవడం వల్ల నేను జీవితమంతా నేలను చూస్తూ నడిచాను.

వీధిలో నన్ను చూసినవాళ్లు పెద్ద వయసు కదా, వంగిపోయింది అంటారు. వయసు కాదు. నా నడుం వంగేనాటికి నాకు ముప్పై ఏళ్లు నిండలేదు. అది ఎక్కడ వంగిందో చెప్తాను. పేర్లు చెప్పను. ఆ ఇంటి పిల్లల పిల్లలు ఇప్పుడు ఎక్కడెక్కడో ఉద్యోగాల్లో ఉన్నారు, వాళ్లతో నాకు తగాదా లేదు.

మాది కడప జిల్లాలో నేతవాళ్ల ఊరు. మాలో ఆడవాళ్లు నూలు కండెలు చుట్టేవాళ్లు, పడుగు సర్దేవాళ్లు. మగ్గం గుంటలో కాళ్లు దించి కూర్చుని నేసేది మగవాళ్లే. నా భర్త దగ్గుతో మంచం పట్టాక ఆ గుంటలో నేను దిగాను. ముందు నవ్వారు, తర్వాత నా చీరల అంచులు చూసి ఊరుకున్నారు. నాకు ఆ పని ఇష్టం. నేను బాగా చేయగలిగిన పని ఈ లోకంలో అదొక్కటే ఉండేది. ఆయన పోయాడు, వెంటనే కరువొచ్చింది. గంజి కేంద్రాల దగ్గర జనం ముంతలు పట్టుకుని నిలబడే రోజుల్లో చీరలెవరు కొంటారు? నూలు దొరకడం ఆగిపోయింది. మగ్గాన్ని విప్పి మా అన్న ఇంట్లో పెట్టాము. ఆ ఇంట్లో ఒక గుంట ఖాళీగా ఉండేది. దాన్ని పూడ్చనని అన్న మాటిచ్చాడు.

"నూలు దొరికిన రోజు కబురు పెడతా. వచ్చి కూచుందువులే" అన్నాడు.

అందుకే ఆ పనికి పోయేటప్పుడు నేను ఏడవలేదు. నూలు దొరికేదాకానే అనుకున్నాను.

ఆ పని చూపించింది మా ఊరామె. నాకంటే పదేళ్లు పెద్ద, అక్కా అని పిలిచేదాన్ని. కోయిలకుంట్ల దగ్గర ఒక పల్లెలో, పది ఊళ్లకు తీర్పు చెప్పే పెద్ద రైతు ఇంట్లో, పక్షవాతం వచ్చిన ఆయన తల్లిని చూసుకునేది. ముసలామె భారీ మనిషి, ఇద్దరుంటేగాని కాదు, వస్తావా అని అడిగింది. వెళ్లాను. మంచాన పడ్డ మనిషి అని చెప్పింది గాని, వెళ్లి చూస్తే ఆ అవ్వకు మంచమే లేదు. నడిమింట్లో నాపబండల మీద, చాపా బొంతా పరిచి, నేల మీద పడుకోబెట్టారు. ఇల్లంతా పట్టెమంచాలున్నాయి. ధాన్యం బస్తాలకు కూడా కింద చెక్కలున్నాయి. అవ్వకు లేదు.

ఎందుకని అడిగితే అక్క చెప్పింది. ఏడాది కిందట అవ్వ పెరట్లో దూడకు కుడితి పోస్తూ కుప్పకూలింది. కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట పోయింది. నాడి చూసినవాళ్లు సాయంత్రం దాటదన్నారు. మా సీమలో ప్రాణం మంచం మీద పోకూడదంటారు. ఆఖరి గడియ వచ్చిందనుకోగానే మనిషిని నేల మీదికి దించుతారు. అవ్వనూ దించారు. నోట్లో తులసినీళ్లు పోశారు. చుట్టాలు బండ్లు కట్టుకుని వచ్చి ఏడ్చారు. పాడెకు వెదుర్లు కూడా కొట్టించి పశువుల కొట్టంలో ఆనించారు.

అవ్వ చావలేదు. మూడో నాటికి గంజి కోసం నోరు తెరిచింది. చుట్టాలు సిగ్గుపడి బండ్లెక్కారు. మళ్లీ మంచం మీదికి చేరుద్దామంటే పురోహితుడు కూడదన్నాడు. చావుకని దించినాక ఎక్కించకూడదట. ఎక్కిస్తే ఆ మంచం ఇంట్లో ఇంకొకరిని కోరుతుందట. అది శాస్త్రంలో ఉందో ఆయన నోట్లో ఉందో నాకు తెలియదు. ఇంటాయన మాత్రం నమ్మాడు. ఇంకెన్నాళ్లుంటుందిలే, వారమో పది రోజులో అనుకున్నారు. వారం నెలయింది, నెల ఏడాదయింది. అవ్వ నేల మీదే ఉంది. తొందరపడి దించింది వాళ్లు. ఆ తప్పును రోజూ ఎత్తి దించే పని మాది.

ఆ పని ఎలాంటిదో చెప్తాను, ఎందుకంటే ఎవరూ చెప్పరు. తెల్లవారగానే తడిసిన బొంత తీయాలంటే మనిషిని ఎత్తాలి. నీళ్ల గదికి మోసుకుపోవాలి, పీట మీద కూర్చోబెట్టి నీళ్లు పోయాలి, మళ్లీ మోసుకొచ్చి దించాలి. తాగించడానికి లేపి గోడకు ఆనించాలి. జారిపోతే మళ్లీ లేపాలి. పడకపుండ్లు పడకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. పెరుగూ నెయ్యీ తిని పెరిగిన మనిషి, సగం ఒళ్లు చచ్చుబడితే బరువు రెట్టింపవుతుంది. అక్క తల వైపు, నేను కాళ్ల వైపు.

"నడుం వంచద్దు మే. మోకాళ్లు వంచు. బరువు తొడల్లోకి తీసుకో" అని అక్క మొదటి రోజే నేర్పింది.

నేర్పింది గాని, నేల మీదున్న మనిషిని ఎత్తడానికి మోకాళ్లు ఎంత వంచినా నడుం కూడా వంగక తప్పదు. మా మోకాళ్లు నాపబండకు ఆని ఆని నల్లగా కాయలు కాశాయి. సోడా నీళ్లలో బొంతలు ఉతికి వేళ్ల సందులు ఒరుసుకుపోయాయి. వాటికి ఆముదం రాసుకుంటే చేతులు జారతాయి, అవ్వను పట్టుకోలేము. కాబట్టి రాసుకునేవాళ్లం కాదు.

ఇంకెవరూ చేయి వేయరా అంటే, వేయరు. కోడలు మడి కట్టుకుని వంటా పూజా చూసుకునేది. అవ్వను ముట్టుకుంటే మళ్లీ తలకు పోసుకోవాలి. కొడుకు మగవాడు, తల్లి ఒళ్లు చూడకూడదు. జీతగాళ్లు మగవాళ్లు, పైగా బయటివాళ్లు. ఒక్కొక్కరికీ ఒక మంచి కారణం ఉంది. కారణం లేనిది మా ఇద్దరికే.

కర్నూలు రాజధాని అయిన రోజులవి. గుడారాల్లో ఆఫీసులు నడిచేవి. ఇంటాయన వారంలో సగం రోజులు అక్కడే తిరిగేవాడు. వస్తూ వస్తూ పెద్దమనుషులను భోజనానికి తీసుకొచ్చేవాడు. వాళ్లు చేతులు కడుక్కుని నడిమింట్లోకి వచ్చి, ఉతికిన చీరలో శుభ్రంగా పడుకున్న అవ్వను చూసి, "తల్లిని ఎంత బాగా చూసుకుంటాండావప్పా. నీలాంటి కొడుకు యాడుంటాడు?" అనేవాళ్లు. ఇంటాయన కళ్లొత్తుకునేవాడు. మేము గోడవారగా నిలబడి ఉండేవాళ్లం, చీర కొంగులు ఇంకా తడిగానే ఉండేవి. ఆయన నిజంగానే తల్లిని ప్రేమించాడు. కాదనను. కాని ఆయన ప్రేమకు కూలి మా నడుములు ఇచ్చాయి.

ఒకసారి అవ్వ వీపు మీద పుండు లేచింది. కోయిలకుంట్ల నుంచి డాక్టరును జట్కాలో పిలిపించారు. పాపం మంచివాడే, అవ్వ పక్కన గొంతుకూర్చుని చాలాసేపు చూశాడు. లేవబోయి తానే "అబ్బా" అని నడుం పట్టుకున్నాడు. ఇంతసేపు వంగితే ఎవరికైనా పట్టేస్తుందని నవ్వాడు. ఇంటాయన వెంటనే కుర్చీ వేయించాడు. నేను, అక్క ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం.

"నేల మీద కంటే మంచం మీదైతే మేలు" అన్నాడు డాక్టరు.

"అది మా ఇంట్లో కుదరదు సార్. దించేసినాము" అన్నాడు ఇంటాయన.

డాక్టరు మజ్జిగ తాగాడు. సరే అయితే, ఇంకా ఎక్కువసార్లు అటూ ఇటూ తిప్పుతుండమని చెప్పాడు. ఎవరు తిప్పుతారని అడగలేదు. పోయేటప్పుడు నేను అడ్డం పోయి, నడుం లాగుతోంది అయ్యా, ఏమన్నా రాసివ్వండి అన్నాను. కష్టం చేసేవాళ్లకు నొప్పులు మామూలే అని జట్కా ఎక్కాడు. కుర్చీలో కూర్చుని ఆయన రాసిన కాగితంలో ఉన్న మందులన్నీ అవ్వకే.

ఆ తర్వాత రోజులు మరీ కష్టమయ్యాయి. తిప్పడం పెరిగింది, బొంతలు పెరిగాయి, నీళ్ల గది బండ ఆరే తీరిక లేకుండా పోయింది. దాని మీద ఇసుక చల్లమని అక్క అడిగింది. ఇసుక పాదాలకంటుకుని నడిమింట్లోకి వస్తుందని ఇంటివాళ్లు ఒప్పుకోలేదు. గోనెసంచి పరుస్తామన్నాం. గోనెసంచి మైల పట్టి కంపు కొడుతుందన్నారు. ఒక పొద్దున అవ్వను పీట మీది నుంచి ఎత్తుతుంటే అక్క కాలు జారింది. పడేటప్పుడు అక్క చేతులు వదల్లేదు. వదిలి ఉంటే గోడ పట్టుకునేది. అవ్వ తల బండకు తగలకుండా తన ఒళ్లోకి లాక్కుని, తాను వెల్లకిలా పడింది. ఆ బరువంతా అక్క మీద పడింది.

నా కేకకు ఇల్లంతా వచ్చింది. కోడలు మడి మరిచి పరుగెత్తుకొచ్చింది. అందరూ అవ్వను తడిమారు. తలకేమన్నా తగిలిందా, చెయ్యి మెలిపడిందా అని. అవ్వకు గీత కూడా పడలేదు. దేవుడి దయ అన్నారు. అక్క అవ్వ కిందే ఉంది. ముందు అక్కను లాగండి అని నేను అరిచేదాకా ఆ సంగతి ఎవరి కంటికీ ఆనలేదు.

అక్క మళ్లీ సరిగా నడవలేదు. బండిలో వరిగడ్డి పరిచి, పక్కన ఒక జొన్నల మూట పెట్టి, కూతురింటికి పంపారు. బండి కదిలేటప్పుడు అక్క నా చెయ్యి పట్టుకుని, "నువ్వు ఒక్కదానివే ఎత్తద్దు మే. ఎవురు చెప్పినా ఎత్తద్దు" అంది. సరేనన్నాను. ఇంకొకరిని పెడతారనే అనుకున్నాను.

పెట్టలేదు. అవ్వ చిక్కిపోయింది కదా, వయసు పిల్లవు, నీకొక్కదానికి చాలదా అన్నారు. అవ్వ చిక్కింది నిజమే. నాకు మాత్రం తేడా తెలియలేదు. వెనక నుంచి చంకల కింద చేతులు పెట్టి, నా రొమ్ముకు ఆనించుకుని, నీళ్ల గది దాకా ఈడ్చినట్టు మోసేదాన్ని. కొన్నాళ్లకు పొద్దున్నే లేస్తే నడుం నిలబడేది కాదు. గోడ పట్టుకుని కాసేపు నిలబడితే గాని అడుగు పడేది కాదు. నాకు భయం పట్టుకుంది. మగ్గం గుంటలో కూర్చున్నవాళ్లకు నడుమే ఆధారం. కాళ్లు తొక్కాలి, రెండు చేతులూ ఆడాలి, వీటిని కలిపి పట్టేది నడుం. అన్న దగ్గర నుంచి ఏ రోజైనా కబురు రావచ్చు. ఆ కబురు వచ్చేదాకా నా నడుం ఉండాలి. ఆ రోజుల్లో నా ప్రార్థన అంతే. దేవుణ్ణి ఇంకేమీ అడగలేదు.

అలాంటప్పుడు ఎద్దు పడింది. ఇంటాయన ఎద్దుల్లో ఒకటి రేగడి బురదలో దిగబడి కూలబడింది. ఊళ్లో మగవాళ్లు ఆరుగురు పోయారు. పొట్ట కింద గోనెలు వేసి, మోకులు కట్టి, దూలం అడ్డం పెట్టి, ఒకరు అరుస్తుంటే అందరూ ఒక్కసారి బలం పట్టి లేపారట. లేపినవాళ్లకు బెల్లం పానకం ఇచ్చారు. ఎద్దును ఇంటికి తోలుకొచ్చి, బండ గట్టిగా ఉంటుందని కొట్టంలో ఇసుక పోసి దాని మీద పడుకోబెట్టారు. పశువుల డాక్టరు వచ్చి, నెల దాకా కాడి కట్టకూడదన్నాడు. ఇంటాయన దాని వీపు నిమురుతూ కూర్చున్నాడు.

ఎద్దుకు ఇసుక పోయడం చూసి నేను ఆగలేకపోయాను. కొట్టంలోకే పోయి నిలబడ్డాను.

"అయ్యా, ఒక మాట."

"ఏందమ్మే?"

"ఎద్దుకు నెల దాకా కాడి లేదన్యారు. నా నడుం పట్టుకోని నెల దాటింది. నాకు ఎన్నాళ్లు?"

ఆయన నవ్వాడు. కోపంగా కాదు, మెత్తగానే. "అది నోరులేని జీవం గదమ్మే. దాని బాధ మనమే కనుక్కోవల్ల."

"నాకు నోరుండాది, అందుకే చెప్తాండా. ఇంకొక మనిషిని పెట్టండి. అవ్వకు మంచమేసి, మంచం కాళ్ల కింద నాపరాళ్లు పెట్టించండి. నా నడుమంత ఎత్తు వస్తే చాలు. నీళ్ల గదిలో ఇట్లే ఇసుక పోయించండి."

"మనిషిని సుగ్గి కోతలు అయినాక చూద్దాం. మంచం మాట మాత్రం ఎత్తద్దు. ఇంటికి కీడు."

"నేనూ ఈ ఇంట్లోనే ఉండా గదయ్యా. నాకొచ్చే కీడు ఈ ఇంటి కీడు కాదా?"

ఆయన నా వైపు చూశాడు. ఆ ప్రశ్న ఆయనకు నిజంగా కొత్త అని ముఖంలో కనిపించింది. ఎక్కువసేపు ఉండలేదు ఆ చూపు. మళ్లీ ఎద్దు వైపు తిరిగి, పో, అవ్వ దగ్గర ఎవరూ లేరు అన్నాడు.

మర్నాడు నేను అవ్వను ఎత్తలేదు. గంజి పట్టాను, ముఖం తుడిచాను, ఎత్తలేదు. బయటి గడప మీద కూర్చున్నాను. ఇద్దరు వస్తేనే ఎత్తుతా అన్నాను. మధ్యాహ్నానికి నడిమింట్లో వాసన మొదలైంది. కోడలు వంట మనిషిని తోడు తీసుకుని తానే ఎత్తబోయింది. ఆమె చెడ్డది కాదు, ఆ రోజు ఆమె కళ్లలో నీళ్లు కూడా చూశాను. జానెడు లేపిందో లేదో, అమ్మా అని నడుం పట్టుకుని గోడకు ఆనుకుంది. ఆమె నడుముకు ఆ పూటే ఆముదం కాచి రాశారు, వంట నుంచి రెండు రోజులు సెలవిచ్చారు. ఒక్కసారికే. నేను గడప మీద కూర్చుని అది చూశాను, చూసి సంతోషించాను కూడా. దాచడమెందుకు?

కాని అవ్వ తడిలోనే ఉంది. తల ఇటు తిప్పి నన్నే చూస్తోంది. నా కోపం కొడుకు మీద, తడిసింది తల్లి. ఈ పనిలో ఉన్న పెద్ద అన్యాయం ఇదే. చేనులో కూలి మనిషి పని మానేస్తే పైరు ఎండుతుంది, రైతుకు తగులుతుంది. మేము మానేస్తే ఆ దెబ్బ ఇంటాయనకు తగలదు, ఏ పాపమూ తెలియని ముసలిప్రాణానికి తగులుతుంది. అది మేము చూడలేమని ఇంటివాళ్లకు తెలుసు. ఆ ధైర్యంతోనే కూర్చుంటారు. మా జాలిని మా కాలికే కట్టి పని చేయించుకుంటారు.

లేచి లోపలికి పోయాను. అవ్వను పక్కకు తిప్పి తుడుస్తున్నాను. ఇంటాయన గడప దగ్గర నిలబడి, ముఖం పక్కకు తిప్పుకుని, అయిందా అని అడిగాడు. అప్పుడు అవ్వ మాట్లాడింది. ఆమె మాటలు సగం సగం వచ్చేవి, ఇంటివాళ్లు వాటిని మూలుగుల కింద జమకట్టేవాళ్లు. పొద్దస్తమానం పక్కనుండే నాకు అర్థమయ్యేవి.

"ఏమంటాంది?" అన్నాడు ఇంటాయన.

"మంచమెక్కించమంటాంది. సచ్చేటప్పుడు తానే చెప్తాదంట. అప్పుడు దించుకోమంటాంది."

ఆయన నమ్మలేదు. నేను కల్పించాననుకున్నాడు. అవ్వ బాగున్న ఎడమచేత్తో బండ మీద టపటపా కొట్టి, "ఎక్కిచ్చు రా" అంది. ఈసారి ఆ మాట వంటింటిదాకా వినిపించింది. తన పడక సంగతి ఆమెను అడిగినవాళ్లు అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరూ లేరు. నేను కూడా కొడుకునే అడిగాను గాని ఆమెను అడగలేదు.

పురోహితుణ్ణి పిలిపించారు. తల్లి నోటి మాట కాబట్టి ఆయన కూడా కాదనలేక, ఒక ఉపాయం చెప్పాడు. మంచం ఉండాలి, ఎత్తు ఉండకూడదు. జానెడు ఎత్తులో ఉంటే అది నేలగానే లెక్కట. వడ్రంగి వచ్చి, చక్కటి టేకు మంచానికి నాలుగు కాళ్లూ కోసేశాడు. అవ్వను దాని మీద పడుకోబెట్టారు, అంటే నేను పడుకోబెట్టాను. ఊళ్లో అందరూ వచ్చి చూసి, ఇటు శాస్త్రమూ పోలేదు, అటు తల్లి మాటా పోలేదని మెచ్చుకున్నారు.

అవ్వ వీపుకు సుఖంగానే ఉంది. నా నడుముకు మాత్రం నేల కంటే అన్యాయం. నేల మీదైతే పక్కనే మోకాళ్లూని దగ్గరికి లాక్కునేదాన్ని. ఇప్పుడు మంచం పట్టె అడ్డం. దాని మీదుగా చేతులు చాచి, వంగి, దూరం నుంచి ఎత్తాలి. ఆ నాలుగు కోసిన ముక్కలు కొట్టంలో పాడె వెదుర్ల పక్కన పడేశారు. నేను వాటిని తీసుకుని ఇంటాయన ముందు పెట్టి, వీటిని మళ్లీ అతికించండయ్యా, చాలు అన్నాను. నీ ఒక్కదాని కోసం శాస్త్రం మారుతుందా అన్నాడు.

సుగ్గి అయిపోవచ్చిన రోజుల్లో, ఒక పొద్దున, అవ్వను ఎత్తుతుండగా నా నడుములో ఏదో తెగింది. అవ్వను మంచం మీదికి ఎలా వదిలానో తెలియదు, నేను మాత్రం పక్కన బండ మీద పడ్డాను. అరవడానికి ఊపిరి రాలేదు. అవ్వ ఎడమచేత్తో చెంబు తీసుకుని మంచం పట్టెకు కొట్టడం మొదలుపెట్టింది, ఎవరో ఒకరు వచ్చేదాకా ఆపలేదు. వచ్చినవాళ్లు అవ్వ మీదికి వంగి, ఏమైందవ్వా, యాడ నొప్పి అన్నారు. అవ్వ చెంబు విసిరేసి నా వైపు చెయ్యి చూపింది. ఆ ఇంట్లో నా కోసం సాయం పిలిచింది ఆమె ఒక్కతే.

కట్టు కట్టే ఆయన వచ్చి గుడ్డుసొన పట్టు వేశాడు. చాలా రోజులు పశువుల కొట్టం పక్క గదిలో పడి ఉన్నాను. నా పనికి మనుషులను పెట్టారు. ఇద్దరిని పెట్టారు. నడుమున్నంత కాలం దొరకని ఇద్దరు, నడుం పోయిన మర్నాడే దొరికారు.

నేను లేచి వంగి నడవడం మొదలుపెట్టిన రోజుల్లోనే అవ్వ పోయింది. ఒక మధ్యాహ్నం గంజి తాగి పడుకుని, అలాగే పోయింది. చెప్తానన్న మాట చెప్పలేదు. ప్రాణం మంచం మీదే పోయింది. కొత్తగా వచ్చిన ఇద్దరినీ కేకేసి గబగబా నేల మీదికి దింపించి, దించాకే పోయిందని చుట్టాలకు చెప్పారు. ఆ మంచం ఎవరినీ కోరలేదు. ఆ ఏడు పంట బాగా పండింది, ఎద్దు మళ్లీ కాడి మోసింది, ఇంటాయన కర్నూలు పనులు కలిసొచ్చాయి. ఏ కీడూ రాలేదు ఆ ఇంటికి.

పాత వెదుర్లు పుచ్చిపోయాయని పాడెకు కొత్తవి కొట్టించారు. మోసేవాళ్ల భుజాలు ఒరుసుకుపోకుండా వెదుర్ల కొసలకు పాత పంచెలు చుట్టారు. నలుగురు ముందుకొచ్చారు. ఇంటాయన తల వైపు భుజం పెట్టాడు. వెనక ఇంకొక ఎనిమిది మంది నడిచారు, ఎందుకంటే కాస్త దూరం పోగానే మోసేవాళ్లకు బరువవుతుంది, భుజం మార్చుకోవాలి. వీధి మలుపు తిరిగేలోపే ఒకసారి మార్చుకున్నారు. "జారుడు నేల, మెల్లగా అప్పా" అని ఒకరికొకరు చెప్పుకున్నారు. అవ్వ అప్పటికి చిక్కి సగమైంది. నేను చూరు కింద గుంజ పట్టుకుని నిలబడి చూశాను. బతికున్న అవ్వ కోసం ఇందులో ఒక్క భుజం వచ్చి ఉంటే, ఆ గుంజను పట్టుకోవలసిన అవసరం నాకు ఉండేది కాదు. అక్కకూ ఉండేది కాదు. ఇప్పటికీ ఎవరి పాడె మీదైనా ఆ గుడ్డ చుట్టలు చూస్తే నాకు దుఃఖం రాదు, కోపం వస్తుంది.

తర్వాత కొద్ది రోజులకే అన్న దగ్గర నుంచి కబురొచ్చింది, నూలు దొరికిందని.

వంగిన నడుంతోనే అన్న ఇంటికి చేరాను. మగ్గం బిగించి ఉంచాడు, పడుగు ఎక్కించి ఉంచాడు. గుంట పూడ్చలేదు. వదిన పసుపు నీళ్లు చల్లింది. నేను గోడ పట్టుకుని గుంటలోకి కాళ్లు దించి కూర్చున్నాను. పడుగు మీద చెయ్యి వేసి చూశాను, బిగువు బాగుంది. కాలు తొక్కాను. పేక నూలున్న నాడెను పడుగులోకి విసరడానికి నడుం నిలబెట్టబోతే అది నిలబడలేదు. ఇంకొకసారి ప్రయత్నించాను. మూడోసారి పడుగు మీదికి ముందుకు వాలిపోయాను, లేవలేకపోయాను.

అన్న పరుగెత్తుకొచ్చి, గుంట గట్టున నిలబడి, నడుం వంచి, నా చంకల కింద చేతులు పెట్టి లాగబోయాడు. నాకు ప్రాణం పోయేంత నొప్పిగా ఉంది. అయినా అరిచాను.

"అట్ల వంగి ఎత్తద్దు అన్నా. వదినను పిలువు, ఇద్దరూ పట్టండి. మోకాళ్లు వంచు. నీ నడుం గూడా పోతే ఈ ఇంట్లో మగ్గమెవురు నేస్తారు?"